విండోస్ అప్‌డేట్ ఫెయిలవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఈ వరుసలో చూడండి

"అన్నా, అప్‌డేట్ సగం దాకా పోయి మళ్లీ వెనక్కి వస్తోంది, ఏం చేయాలి?" ప్రతి నెలా రెండో మంగళవారం దాటిన మర్నాటి నుంచి ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు (విండోస్‌లో తప్పులు, భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు) వదిలేది ఆ రోజే. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలంటే మనకు హైదరాబాద్‌లో రాత్రి పదిన్నర, వాళ్ల చలికాలంలో పదకొండున్నర. అందుకే బుధవారం పొద్దున్న సిస్టమ్ ఆన్ చేసేసరికి ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి.

షాపుకి పట్టుకెళ్తే తొంభై పాళ్లు వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". వాళ్లకు అదే తేలిక, కారణం వెతకక్కర్లేదు. పోయేది మాత్రం మీవే: ట్యాలీ సెట్టింగ్స్, ప్రింటర్ డ్రైవర్, ఎప్పుడో కష్టపడి ఎక్కించుకున్న అను తెలుగు ఫాంట్లు, డెస్క్‌టాప్ మీద పడేసిన పిల్లల మెమోల స్కాన్లు. అప్‌డేట్ ఎక్కకపోవడానికి చాలా ఇళ్లలో కారణం చిన్నదే ఉంటుంది: జాగా చాలకపోవడం, నెట్ సరిగా లేకపోవడం, తేదీ తప్పుండటం, లేదా ఎవరో అప్‌డేట్‌ని కావాలనే ఆపేసి ఉండటం. తేలిక పనులు ముందు, బరువు పనులు చివర అనే లెక్కలో కింద రాశాను. ఒక్కో అడుగు తర్వాత ఆగి, మళ్లీ అప్‌డేట్ నొక్కి చూడండి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

ఇది ఇంట్లో సొంత కంప్యూటర్ వాళ్ల కోసం. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ ముట్టుకోకండి, మీ ఐటీ వాళ్లకు టికెట్ పెట్టండి.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోవడానికి పెన్‌డ్రైవ్ లేదా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. కాపీ అయ్యాక తీసేయండి; అప్‌డేట్ జరిగేటప్పుడు యూఎస్‌బీకి కీబోర్డు, మౌస్ తప్ప ఏమీ ఉండకపోతే మంచిది.
- అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్.
- బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ. ఇది 48 అంకెల పొడుగు నంబరు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే కొత్త ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్క్‌కి తాళం పడి ఉండొచ్చు. 2024 జూలై ప్యాచ్ తర్వాత కొన్ని కంప్యూటర్లు ఆన్ కాగానే ఈ కీ అడిగాయి. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్‌లో మీ కంప్యూటర్ పేరు కింద ఉందేమో చూసి కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్‌లోనే సేవ్ చేసుకుంటే, తాళం వేసిన బీరువాలో తాళంచెవి పెట్టినట్టే.
- ల్యాప్‌టాప్‌కి ఛార్జర్, డెస్క్‌టాప్‌కి యూపీఎస్.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు పట్టి ఈదురుగాలి మొదలైందంటే మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో ఆ టైమ్‌లో "అప్‌డేట్ అండ్ రీస్టార్ట్" నొక్కొద్దు. "ఇన్వర్టర్ ఉంది కదా" అంటారు చాలామంది. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే డెస్క్‌టాప్ ఆరిపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు వెనకో పక్కనో ఒక చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని యూపీఎస్ మోడ్‌కి మార్చండి.

ఇక పని మొదలుపెడదాం

1. ఎర్రర్ కోడ్ ఫోటో తీసుకోండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ. విండోస్ 10లో అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. ఫెయిలైన ప్యాచ్‌కి కేబీ అనే అక్షరాలతో ఒక నంబరు, పక్కన ఒక కోడ్ ఉంటాయి. కోడ్ మొదట్లో ఉండే సున్నా, ఎక్స్ వదిలేసి మిగతాది చూడండి:

- 80070070: సీ డ్రైవ్‌లో జాగా లేదు. నేరుగా 4వ అడుగుకి వెళ్లండి.
- 80070422: అప్‌డేట్ సర్వీస్‌ని ఎవరో ఆపేశారు. 6వ అడుగు.
- 80072తో మొదలైతే: నెట్ సమస్య, 5వ అడుగు. చివర ఎఫ్8ఎఫ్ ఉంటే ముందు తేదీ, టైమ్ చూడండి (3వ అడుగు).
- 80070002: దించుకున్న ఫైళ్లలో ఏదో దొరకడం లేదు. 7వ అడుగు.
- 80070020: ఫైల్‌ని వేరే ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుంది, చాలాసార్లు యాంటీవైరస్. 8వ అడుగు.
- 80073712: విండోస్ సొంత ఫైళ్లే చెడిపోయాయి. 9వ అడుగు.

మీ కోడ్ వీటిలో లేకపోతే కంగారు పడొద్దు, వరుసగా చేసుకుంటూ పోండి.

2. రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు. రెండూ ఒకటే అనుకుంటాం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేస్తే విండోస్ పూర్తిగా మూతపడదు, కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం మొదటి నుంచి మొదలవుతుంది. రీస్టార్ట్ తర్వాత మళ్లీ ప్రయత్నించండి. కొందరి పని ఇక్కడే అయిపోతుంది.

3. తేదీ, టైమ్ చూడండి. తేదీ తప్పుంటే మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో భద్రమైన కనెక్షన్ కుదరదు. సరిచేశాక కూడా, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ పాత సంవత్సరానికి పోతుంటే మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా దొరుకుతుంది.

4. సీ డ్రైవ్‌లో జాగా చేయండి. మన ఊరి డెస్క్‌టాప్‌లలో ఒక అలవాటు ఉంది. అమ్మినవాళ్లు డిస్క్‌ని సీ, డీ, ఈ అని ముక్కలు చేసి, సీకి 100 జీబీ ఇచ్చి చేతులు దులుపుకుంటారు. డీ, ఈ ఖాళీగా పడి ఉంటాయి. సీ మాత్రం పీకదాకా నిండిపోయి ఎర్ర గీత చూపిస్తుంది. "సార్, ఒక టెర్రాబైట్ డిస్క్ ఉంది, జాగా లేదంటుందేమిటి?" అంటే ఇదే సంగతి. అప్‌డేట్‌కి కావలసింది సీలో జాగా. కనీసం 20 జీబీ ఖాళీ ఉండేలా చూసుకోండి.

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. లిస్టు రావడానికి కాస్త టైమ్ పడుతుంది. విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, టెంపరరీ ఫైల్స్, రీసైకిల్ బిన్‌కి టిక్ పెట్టండి. రీసైకిల్ బిన్‌లో పనికొచ్చేది ఉందేమో ఒకసారి తొంగిచూసి మరీ పెట్టండి.

జాగ్రత్త: అదే లిస్టులో డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది. మనవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిజిస్ట్రేషన్ పేపర్లు అన్నీ ఆ ఫోల్డర్‌లోనే వదిలేస్తారు. దానికి టిక్ లేకుండా చూసుకుని అప్పుడు రిమూవ్ నొక్కండి. "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" అని కనిపిస్తే, అది పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి. మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది. కొత్త వెర్షన్ బాగానే ఉంటే ఇప్పుడే తీసేయొచ్చు, జాగా బాగా వస్తుంది.

ఇంకా చాలకపోతే వీడియోలు, ఫోటోలు డీ డ్రైవ్‌కి జరపండి. ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లను మాత్రం కట్ చేసి పేస్ట్ చేయకండి. వాటిని జరిపితే అప్‌డేట్ సంగతి అటుంచి కంప్యూటరే లేవదు.

5. నెట్. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుపుతుంటే విండోస్ ఆ కనెక్షన్‌ని మీటర్డ్‌గా (డేటా పొదుపుగా వాడాల్సినదిగా) పెట్టుకుని పెద్ద అప్‌డేట్లు దించకుండా ఆపేయొచ్చు. నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆఫ్ చేయండి. డేటా ప్యాక్ ఎంత మిగిలిందో ముందు చూసుకోండి. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ ఆన్‌లో ఉంటే తీసేయండి. వైఫై తడబడుతుంటే రౌటర్ నుంచి నేరుగా కేబుల్ పెట్టి చూడండి.

6. అప్‌డేట్ సర్వీస్ బతికే ఉందా? సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఈ అడుగు శ్రద్ధగా చదవండి. హైటెక్ సిటీ కంపెనీలు వాడి వదిలేసిన మెషీన్లు మన ఊళ్లో బోలెడు దొరుకుతాయి, చాలావరకు మంచి సరుకే. కానీ వాటిలో రెండు మెలికలు ఉండొచ్చు.

మొదటిది, అమ్మేటప్పుడు క్రాక్ (లైసెన్స్ లేని దొంగ) విండోస్ వేసి, అది బయటపడకుండా అప్‌డేట్‌ని పూర్తిగా ఆపేయడం. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరవండి. లిస్టు చివర్లో విండోస్ అప్‌డేట్ ఉంటుంది, దాని మీద రెండుసార్లు నొక్కండి. స్టార్టప్ టైప్ డిసేబుల్డ్ అని ఉంటే మాన్యువల్‌కి మార్చి, అప్లై కొట్టి, స్టార్ట్ నొక్కండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అప్లై నొక్కకుండానే స్టార్ట్ కోసం వెతకడం. ఆ బటన్ మసకగా ఉండి నొక్కుడు పడదు. రీస్టార్ట్ చేసి మళ్లీ వచ్చి చూడండి. తిరిగి డిసేబుల్డ్ అయిందంటే, అప్‌డేట్‌ని అడ్డుకునే ప్రోగ్రామ్ ఏదో వెనకాల నడుస్తోంది. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో మీకు తెలియని పేరు ఏముందో వెతకండి. అది క్రాక్‌తో పాటే వచ్చి ఉంటే, నా సలహా దాన్ని బాగుచేయడం కాదు, అసలు విండోస్ వేయించుకోవడం. ఈ ఒక్క సందర్భంలో ఫార్మాట్ అనే మాటకు నేనూ ఒప్పుకుంటా.

రెండోది, పాత కంపెనీ పాలసీలు (ఏది మార్చొచ్చో, ఏది మార్చకూడదో వాళ్లు పెట్టిన కట్టడి సెట్టింగ్స్) అలాగే ఉండిపోవడం. విండోస్ అప్‌డేట్ పేజీలో "కొన్ని సెట్టింగ్స్‌ని మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ లైను కనిపిస్తే ఇదే అనుమానించాలి. సెట్టింగ్స్, అకౌంట్స్, యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లో ఎవరిదైనా కంపెనీ ఖాతా ఉందేమో చూడండి. మీకు సంబంధం లేని ఖాతా ఉంటే అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లి తీయించుకోండి. విండోస్ కొత్తగా వేసినా సెటప్‌లోనే ఆ కంపెనీ పేరు మళ్లీ వస్తుంటే, ల్యాప్‌టాప్ ఇంకా వాళ్ల రికార్డుల్లోనే ఉన్నట్టు. బిల్లు చూపించి వెనక్కి ఇచ్చేయండి.

7. సగం దిగిన ఫైళ్లు ఊడ్చేయండి. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటో నెట్టో పోతే చెడిపోయిన ముక్కలు మిగిలిపోతాయి, విండోస్ వాటితోనే మళ్లీ మళ్లీ కుస్తీ పడుతుంది. ముందు సెట్టింగ్స్, సిస్టమ్, ట్రబుల్‌షూట్, అదర్ ట్రబుల్‌షూటర్స్‌లో విండోస్ అప్‌డేట్ ఎదురుగా రన్ నొక్కండి. దానితో కుదరకపోతే చేత్తో చేయండి:

సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ని, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌ని స్టాప్ చేయండి. సీ డ్రైవ్, విండోస్, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్, డౌన్‌లోడ్ ఫోల్డర్‌లోకి వెళ్లి లోపల ఉన్నవన్నీ డిలీట్ చేయండి. ఫోల్డర్‌ని కాదు, లోపలివి మాత్రమే. "ఫైల్ వాడకంలో ఉంది" అంటే సర్వీస్ తనంతట తానే మళ్లీ మొదలైందన్నమాట. ఇంకోసారి స్టాప్ చేసి వెంటనే డిలీట్ కొట్టండి. తర్వాత రీస్టార్ట్. అప్‌డేట్ ఈసారి మొదటి నుంచి దిగుతుంది, కాబట్టి శాతం సున్నా దగ్గర కనిపిస్తే భయపడకండి.

8. యాంటీవైరస్. డబ్బు పెట్టి కొన్న వేరే యాంటీవైరస్ ఉంటే అప్‌డేట్ అయ్యేవరకు ఆపండి. అయినా అడ్డుపడుతుంటే తీసేసి, పని అయ్యాక మళ్లీ వేసుకోండి. లైసెన్స్ కీ రాసుకోకుండా తీయకండి.

9. విండోస్ ఫైళ్లు రిపేరు చేయండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి, కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి నొక్కు నొక్కి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్ల విండో వస్తుంది. ఫోన్‌లో చెప్పినట్టు చెబుతున్నా, మీరు ఇంగ్లిష్‌లో టైప్ చేయండి.

మొదటిది: డిస్మ్ (డీ, ఐ, ఎస్, ఎం), స్పేస్, స్లాష్, ఆన్‌లైన్, స్పేస్, స్లాష్, క్లీనప్, మధ్యలో అడ్డగీత, ఇమేజ్, స్పేస్, స్లాష్, రిస్టోర్‌హెల్త్. ఎంటర్.

అది పూర్తయ్యాక రెండోది: ఎస్‌ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్, స్కాన్‌నౌ. ఎంటర్.

స్లాష్ ప్రశ్న గుర్తు ఉండే బటన్ మీదది, వెనక్కి వాలినది కాదు. స్లాష్ తర్వాత స్పేస్ ఉండదు. రిస్టోర్‌హెల్త్, స్కాన్‌నౌ రెండూ కలిపే రాయాలి. ఫోన్‌లో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇవే. వరుస కూడా ముఖ్యం: రెండో కమాండ్ రిపేరుకి వాడుకునే సరుకును మొదటిది బాగుచేస్తుంది. మొదటిదానికి నెట్ ఉండాలి. అరవై రెండు శాతం దగ్గర చాలాసేపు కదలకపోవచ్చు, టెన్షన్ పడి విండో మూసేయకండి. టీ పెట్టుకుని తాగి రండి.

10. ప్యాచ్‌ని విడిగా దించుకోండి. ఒక్క కేబీ నంబరే మొండికేస్తుంటే, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే వాళ్ల సొంత సైట్‌లో ఆ నంబరు వెతికి దించుకోవచ్చు. లిస్టులో మీ విండోస్ వెర్షన్‌దే తీసుకోండి. ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లకు ఎక్స్64 అని ఉన్నది, ఆర్మ్64 కాదు. వేరే ఏ సైట్ నుంచీ దించొద్దు.

11. ఉన్న విండోస్ మీదే విండోస్. విండోస్ 11 కొత్త వెర్షన్లలో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" అని ఉంటుంది. పక్కన రీఇన్‌స్టాల్ నౌ. పేరు చూసి హడలిపోకండి, మీ ఫైళ్లు, యాప్‌లు, సెట్టింగ్స్ అలాగే ఉంటాయి. అదే పేజీలో ఉండే "రీసెట్ దిస్ పీసీ" వేరు, అది యాప్‌లన్నీ ఎత్తేస్తుంది. రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టి చదివి నొక్కండి. విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ దించి, "అప్‌గ్రేడ్ దిస్ పీసీ నౌ", ఆ తర్వాత ఫైళ్లు, యాప్‌లు ఉంచుకునే ఆప్షన్ ఎంచుకుంటే ఇదే పని అవుతుంది. షాపులో ఫార్మాట్ కొట్టేవాళ్లు దీన్ని ముందు ఎందుకు ప్రయత్నించరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తెర మీద శాతం కదలకపోతే

పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఒకే అంకె దగ్గర గంటసేపు ఆగడం మామూలే. డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంటే పని జరుగుతోంది, ముట్టుకోకండి. "అన్‌డూయింగ్ ఛేంజెస్" అని వస్తే అది వెనక్కి సర్దుకుంటోంది, అప్పుడు ఆపడం ఇంకా ప్రమాదం. మూడు నాలుగు గంటలైనా లైటు కూడా వెలగకపోతేనే పవర్ బటన్ పట్టి నొక్కండి.

తర్వాత విండోస్ లేవకపోతే, లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం రెండు మూడుసార్లు చేస్తే నీలం రంగు రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో చివరిగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్ (నెలవారీ ప్యాచ్) తీసేయండి. ముందు రాసుకోమన్న ఆ 48 అంకెలు అడిగేది ఇక్కడే. లేచాక అప్‌డేట్‌ని ఒక వారం పాజ్‌లో పెట్టండి.

80070643 కోడ్ వాళ్లకు

2024 జనవరిలో వచ్చిన ఒక ప్యాచ్ దగ్గర చాలా మందికి ఈ కోడ్ పడింది. అక్కడ కారణం సీ డ్రైవ్ కాదు, పక్కన దాగి ఉండే చిన్న రికవరీ పార్టిషన్ (విండోస్ లేవనప్పుడు బాగుచేసే సరుకు ఉండే డిస్క్ ముక్క). అందులో 250 ఎంబీ ఖాళీ కావాలి, పాత కంప్యూటర్లలో అంత ఉండదు. పార్టిషన్లు కదిపే పని ఇంట్లో మొదటిసారి చేయదగ్గది కాదు. మీకు ఫెయిలైంది రికవరీ ఎన్విరాన్‌మెంట్ ప్యాచ్ ఒక్కటే అయి, మిగతా నెలవారీ ప్యాచ్‌లు ఎక్కుతుంటే, తెలిసినవాళ్లు దొరికేదాకా దాన్ని వదిలేయొచ్చు.

విండోస్ 10 వాళ్లకు

మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత ప్యాచ్‌లు రావడం లేదంటే అది ఫెయిల్యూర్ కాదు. ఈఎస్‌యూ (మద్దతు ముగిశాక కూడా భద్రతా ప్యాచ్‌లు ఇచ్చే) పథకంలో చేరితే ఇంటి వాడకందారులకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా ప్యాచ్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ముందు మీది 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. విండోస్ 11కి వెళ్లనివ్వకపోతే ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) చూడండి. చాలా డెస్క్‌టాప్‌లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఆఫ్‌లో ఉంటుంది.

నిజంగా ఎక్కిందా?

"యూ ఆర్ అప్ టు డేట్" అన్న పచ్చ టిక్ ఒక్కదాన్నే నమ్మొద్దు. పాజ్‌లో ఉన్నా, పాలసీతో ఆపేసినా తెర ప్రశాంతంగానే కనిపించొచ్చు. అప్‌డేట్ హిస్టరీలో అదే కేబీ నంబరు పక్కన సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్ అని, తేదీతో సహా ఉండాలి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని టైప్ చేస్తే వచ్చే బిల్డ్ నంబరు ముందటి కంటే పెరిగి ఉండాలి. అందుకే మొదలుపెట్టే ముందే దాన్నీ ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేసి, ప్రింట్ ఒకటి తీసి, సౌండ్, వైఫై చూసి, చెక్ ఫర్ అప్‌డేట్స్ మళ్లీ నొక్కండి.

పని మధ్యలో బ్రౌజర్‌లో "మీ విండోస్ అప్‌డేట్ ఫెయిలైంది, ఈ నంబరుకి కాల్ చేయండి" అని సైరన్‌తో పేజీ వస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబరు ఉండదు. ఎవరో చెప్పారని స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసి, డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇవన్నీ చేసినా కాకపోతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌కో, మీ కాలనీలో నమ్మకమైన షాపుకో తీసుకెళ్లండి. ముందు డిస్క్ హెల్త్ చూడమనండి. చచ్చిపోతున్న హార్డ్ డిస్క్ మీద ఎన్నిసార్లు విండోస్ వేసినా నిలవదు. ఎస్‌ఎస్‌డీకి (వేగమైన కొత్త రకం డిస్క్) మార్చమంటే మార్పించుకోండి, పాత డిస్క్ మాత్రం అక్కడ వదిలేయకుండా వెంట తెచ్చుకోండి. సీని చిన్న ముక్క చేయొద్దని చెప్పండి. డబ్బు ఇచ్చే ముందు కౌంటర్ దగ్గరే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిపించి, చెక్ ఫర్ అప్‌డేట్స్ మీ చేత్తోనే నొక్కి చూడండి.